సినిమా వాటానా, జీడి బట్టీనా?

సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు ఈసారీ అదే అడిగారు. "బావా, చేతిలో పది లక్షలున్నాయి. ఒక సినిమాను ఉత్తరాంధ్రలో ఆడించే హక్కుల్లో వాటా ఇస్తామంటున్నారు. తీసుకోమంటావా, జీడి వ్యాపారంలో పెట్టమంటావా?" పలాస పక్కన కాశీబుగ్గలో ఉంటూ రెండిట్లోనూ డబ్బు పెట్టి చూశాను కాబట్టి నన్నడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే రాసేస్తే మేలు.

సినిమా అంటే డబ్బు కుప్పలు అనుకుంటాం. పరిశ్రమల సంఘం ఫిక్కీ, కన్సల్టింగ్ సంస్థ ఈవై వేసిన లెక్క ప్రకారం 2023లో దేశంలోని అన్ని భాషల సినిమాలకూ హాళ్లు, ఓటీటీ, టీవీ హక్కులు అన్నీ కలిపి వచ్చింది సుమారు 19,700 కోట్లు. విదేశీ హాళ్ల నుంచి వచ్చింది అందులో రెండు వేల కోట్ల లోపే. 2023-24లో మన దేశం నుంచి చేపలు, రొయ్యల ఎగుమతి 60,523 కోట్లు. రొయ్య గురించి పేపర్లో ఎక్కడో లోపలి పేజీలో వస్తుంది, సినిమా మొదటి పేజీలో ఉంటుంది. అంతే తేడా.

నాకు అసలు విషయం అది కాదు. నష్టం వచ్చినప్పుడు ఎంత పోయిందో, ఎందుకు పోయిందో మన కళ్లతో చూసుకోగలమా? నేను చూసేది ఇదొక్కటే.

నేను వాటా తీసుకున్న సినిమా శుక్రవారం బాగానే ఆడింది. సోమవారం రాత్రి హాలు మేనేజరు డీసీఆర్ కాగితం, అంటే ఆ రోజు వసూళ్ల లెక్క, చేతిలో పెట్టాడు. సెకండ్ షోకి 31 టికెట్లు. హాలు అద్దె తీసేస్తే మనమే ఎదురు కట్టాలి. కారణం అడిగితే "పైరసీ కొట్టేసింది" అన్నారు. ఎంత కొట్టేసిందో ఎవరూ చెప్పలేదు, చెప్పలేరు కూడా. అంతకు ముందు నెల అదే హాల్లో ఆడిన హిట్ సినిమా కాపీ కూడా రెండో రోజుకే అందరి ఫోన్లలోనూ ఉంది. అయినా మూడు వారాలు జనం హాలుకు రావడం ఆగలేదు.

2023లో పైరసీ విలువ 22,400 కోట్లని, అందులో 13,700 కోట్లు హాళ్లలోని సినిమాలదేనని ఈవై, ఇంటర్నెట్ కంపెనీల సంఘం ఐఏఎంఏఐ కలిసి ఇచ్చిన నివేదిక చెప్పింది. ఆ ఏడాది దేశంలోని హాళ్లన్నిటికీ వచ్చిందే 12,000 కోట్లు. దొంగ కాపీ చూసిన ప్రతివాడూ టికెట్ కొనేవాడే అనుకుంటే తప్ప అదంతా నష్టం కాదు. పైరసీని నేను వెనకేసుకు రావడం లేదు. చిన్న సినిమాకు రెండో వారం నోటిమాట మీద రావాల్సిన జనాన్ని అది నిజంగానే తినేస్తుంది. 2023 చట్ట సవరణలో మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా జరిమానా పెట్టారు. పెట్టాల్సిందే. కానీ దానివల్ల వాటాదారుడికి తన డబ్బు తిరిగి రాదు.

జీడికి వస్తే, 80 కిలోల బస్తా విప్పి గుప్పెడు పిక్కలు కోసి చూస్తాం. పప్పు తెల్లగా నిండుగా ఉందా, మచ్చ పడిందా అక్కడే తెలిసిపోతుంది. మంచి బస్తాకు ఇరవై కిలోల పైచిలుకు పప్పు దిగుతుంది. విరగని గుండుకో రేటు, సగానికి చీలిన బద్దకో రేటు, ముక్కకో రేటు. తగ్గితే ఎక్కడ తగ్గిందో కాటా మీద కనిపిస్తుంది. ఆఫ్రికా పిక్కలు దిగినప్పుడు ధర పడుతుంది, ఆ దెబ్బ నేనూ తిన్నాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫానుకు మా జీడి తోటల ప్రాంతం ఉద్దానంలో తోటలకు తోటలే ఒరిగిపోయాయి. అంత కష్టంలోనూ గోడౌన్లో తడవని బస్తాలు ఉన్నవాళ్లు తట్టుకున్నారు. సోమవారం పడిపోయిన సినిమాను గోడౌన్లో దాచి ఆర్నెల్ల తర్వాత అమ్మలేం. పైగా పలాస పప్పు చాలావరకు దేశంలోనే అమ్ముడుపోతుంది కాబట్టి విదేశీ సుంకాల టెన్షన్ తక్కువ.

రొయ్యల చెరువుకు ఆ ధీమా లేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతం చేయగానే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) రేట్లు పడ్డాయి, రొయ్యలకొచ్చే వైట్ స్పాట్ రోగం భయం ఎటూ ఉండనే ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చేసుకోవచ్చు. ఇక మా దగ్గరి టెక్కలి గ్రానైట్ అంటారా, అది పది లక్షలతో అయ్యే పని కాదు.

సినిమా మీద ప్రేమ ఉంటే టికెట్ కొని హాల్లో చూడండి, నేనూ మొదటి వారమే చూస్తాను. డబ్బు మాత్రం పిక్కల్లో పెడుతున్నాను. బావా, మార్చిలో కొత్త పంట దిగుతుంది. అప్పుడు రా, బస్తా నీ ముందే కోసి చూపిస్తాను, తర్వాత నీ ఇష్టం.