కళ్ళ మాస్కు అంచు: తిరగేసి కుట్టాలా, క్రాస్ పట్టీ వేయాలా?

మాస్కు 20 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు అనుకుందాం. పైన మెత్తటి కాటన్, కంటివైపు నల్ల కాటన్, మధ్యలో పాత టవల్ ఒక్క పొర చాలు; రెండు పొరలైతే రెప్పల మీద బరువు పడుతుంది.

తిరగేసే పద్ధతి అంటే బట్టలను లోపలివైపు బయటికి ఉంచి కుట్టి, తర్వాత తిప్పేయడం. ఇందులో చుట్టూ 1 సెంటీమీటరు కుట్టు మార్జిన్ వదిలి బట్టలు కత్తిరించాలి. 36 సెంటీమీటర్ల ఎలాస్టిక్‌ను మెలిక పడకుండా రెండు పక్కలా లోపలికి పెట్టి, తిప్పడానికి పై అంచులో 6 సెంటీమీటర్లు వదిలి కుట్టాలి. ముక్కు వంపే అసలు పరీక్ష. అక్కడ కుట్టుకు 2 మిల్లీమీటర్ల దూరం వరకు గాట్లు పెట్టకపోతే, తిరగేశాక బట్ట లాగి ముడతలు పడుతుంది, ఆ సందులోంచి వెలుతురు వస్తుంది. టవల్‌ను కుట్టు దాకా కత్తిరించేయాలి, లేకుంటే అంచు లావెక్కి ముక్కును ఒత్తుతుంది.

క్రాస్ పట్టీ అంటే అంచును చుట్టి కుట్టే ఏటవాలు బట్ట పట్టీ. దీనికి మార్జిన్ అక్కర్లేదు, తిరగేసే పనీ లేదు. మందపాటి టవల్‌కు ఇదే నయం. 4 సెంటీమీటర్ల వెడల్పు పట్టీని 45 డిగ్రీల ఏటవాలుగానే తీయాలి. నిలువుగా తీస్తే వంపు తిరగదు. ముక్కు దగ్గర పట్టీని కాస్త సాగదీస్తూ, బయటి వంపుల్లో వదులుగా కుట్టాలి. చిక్కేమిటంటే, దాదాపు 60 సెంటీమీటర్ల పట్టీ చిన్న ముక్కల్లో ఒకేగా దొరకదు. అతుకులు వేస్తే ఒక్కోటీ గడ్డలా తగులుతుంది. వాటిని ఎలాస్టిక్ వైపుకు జరపాలి.

చిన్న ముక్కలే ఉంటే తిరగేసి కుట్టడమే మేలు. పాత చీర చేతిలో ఉంటే పట్టీ వేయండి.