కన్సోలా పీసీనా: ఆర్‌పీజీలు ఆడీ ఆడీ నాకు అర్థమైంది

మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేసి "అక్కా, పీఎస్5 కొననా, పీసీ కట్టించుకోనా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. పీఎస్5 అంటే టీవీకి తగిలించే సోనీ గేమ్ మెషీన్, కన్సోల్ అనేది దాన్నే. వాడికి ఆర్‌పీజీలంటే, అంటే ఒక పాత్రని పెంచుకుంటూ మన నిర్ణయాలతో కథ నడిపే గేములంటే, పిచ్చి. ఒక్క ముక్కలో రాలేదు, గంటన్నర మాట్లాడా, ఆ మాట్లాడిందే ఇక్కడ పెడుతున్నా, ఎందుకంటే యూట్యూబ్‌లో ఈ టాపిక్ మీద ఎవరు మాట్లాడినా ఎఫ్‌పీఎస్ (సెకనుకి స్క్రీన్ మీద ఎన్ని బొమ్మలు మారతాయన్న) లెక్కలు, గ్రాఫిక్స్ కార్డు లెక్కలే గానీ వంద గంటల గేమ్‌ని ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లో నలుగురు మనుషుల మధ్య ఎలా ఆడాలో ఒక్కళ్ళూ చెప్పరు.

ముందు నా దగ్గరున్న సామాను చెప్పేస్తా. 2013లో బీటెక్‌కని నాన్న కొనిచ్చిన డెస్క్‌టాప్ మీద స్కైరిమ్ అనే ఆర్‌పీజీతో మొదలైంది ఈ జబ్బు, సెట్టింగులన్నీ బాగా తగ్గించి పెట్టి, మంచు పడుతుంటే అది మంచో స్క్రీన్ మీద దుమ్మో తెలియని స్థితిలో ఆడా. 2017లో పీఎస్4 స్లిమ్ కొన్నా, పెళ్ళయ్యాక అది కూకట్‌పల్లి ఫ్లాట్‌కి నాతోపాటే సారెలో వచ్చినట్టు వచ్చింది. 2021లో కొత్త పీసీ కట్టిద్దామని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి వెళ్తే, గ్రాఫిక్స్ కార్డు రేటు విని మా ఆయన మాట్లాడకుండా బండి తాళాలు తీసుకుని మెట్లు దిగిపోయాడు, అదంతా ఆ కార్డులతో క్రిప్టో డబ్బు తవ్వుకునే మైనింగ్ వాళ్ళ పుణ్యం. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో వాళ్ళు కార్డులతో మైనింగ్ అక్కర్లేని పద్ధతికి మారిపోయారు, ఆ ఏడాది చివర్లో మళ్ళీ వెళ్ళి ర్యాజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్‌తో కట్టించాం, మానిటర్ కాకుండా 68 వేలు అయింది. 2023లో పీఎస్5 డిస్క్ ఎడిషన్ ఆఫర్‌లో 47 వేల చిల్లరకి వచ్చింది (ఇండియాలో 2021 ఫిబ్రవరిలో 49,990కి దిగింది, తర్వాత 54,990 చేశారు). ఇప్పుడు రెండూ ఉన్నాయి, రెండిటి మీదా వందల గంటలు పోశా, కాబట్టి ఏ పార్టీ మనిషినీ కాదు.

విచర్ 3 సంగతితో మొదలెడతా. అది 2015 గేమ్, తెల్లజుట్టు వేటగాడొకడు తన పెంపుడు కూతుర్ని వెతుక్కునే కథ, నేను పీఎస్4లో ఆడింది 2018లో, హాల్లో టీవీ మీద. 30 ఎఫ్‌పీఎస్, చచ్చిపోతే లోడింగ్ అయ్యేలోపు స్టవ్ మీద పాలు చూసి రావచ్చు, అక్షరాలు చిన్నవి, సోఫాలోంచి కనపడక కుర్చీ ముందుకి లాక్కుని కూర్చునేదాన్ని. ఇన్ని లోపాలున్నా నా జీవితంలో బెస్ట్‌గా ఆడిన గేమ్ అదే, దానికి కారణం మా అత్తయ్య. సీరియల్స్ అయిపోయాక తొమ్మిదిన్నరకి టీవీ నాకు దొరికేది, ఆవిడ లేచి వెళ్ళకుండా చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ కూర్చుని అదీ చూసేవారు. ఇంగ్లీషు డైలాగులు ఆవిడకి అర్థం కావు, నేను మధ్యమధ్యలో తెలుగులో చెప్పేదాన్ని. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర "ఏమ్మా, ఆ తెల్లజుట్టాయనకి ఆ పిల్ల దొరికిందా" అని అడిగేవారు.

ఆ గేమ్‌లో ఒక బ్యారన్ ఉంటాడు, తాగి పెళ్ళాన్ని కొట్టే మనిషి, భార్యా కూతురూ కనపడకుండా పోతే వెతికిపెట్టమంటాడు. అక్కడ మనం తీసుకునే ఒక నిర్ణయం వల్ల వాడి గతి ఏమవుతుందో వెంటనే తెలీదు, గంటల తర్వాత ఎక్కడో తేలుతుంది. అత్తయ్య "వాడికి ఏ శిక్ష వేసినా తక్కువే" అన్నారు, మా ఆయన "ఏడుస్తున్నాడు కదమ్మా, మారాడేమో" అన్నాడు, ఇంట్లో అరగంట వాదన నడిచింది, చివరికి కంట్రోలర్ నా చేతిలో ఉంది కాబట్టి నేను నొక్కా. ఫలితం వచ్చినరోజు ఎవరికీ నచ్చలేదు. అయినా పాత సేవ్ లోడ్ చెయ్యలేదు, ఇద్దరి ముందు చేసిన పని వెనక్కి తీసుకుంటే ఎలా ఉంటుంది చెప్పండి.

అదే పీసీ అయితే ఏం చేసేదాన్నో నాకు బాగా తెలుసు. బల్డర్స్ గేట్ 3 పీసీలో 2023 ఆగస్టులో వచ్చిన వారంలోనే మొదలుపెట్టా, అందులో ప్రతిదానికీ పాచిక వేయాలి, మాట్లాడి ఒప్పించాలన్నా తాళం తీయాలన్నా. ఎఫ్5 కొడితే ఆట ఉన్నచోటు దాచుకునే క్విక్ సేవ్, ఎఫ్8 కొడితే ఆ చోటికి వెనక్కి. చెవులకి హెడ్‌సెట్, తలుపేసి ఉంది, చూసేవాళ్ళు లేరు. ఒక్క పాచిక తప్పుగా పడినా ఎఫ్8, నా ఎడమ చెయ్యికి అది అలవాటైపోయింది, ఒక దెయ్యంతో బేరం సీన్ పదకొండుసార్లు చేశా. అన్నీ గెలిచా, ఏదీ గుర్తులేదు. తర్వాత అదే గేమ్ పీఎస్5లో మళ్ళీ మొదలెడితే లోడ్ చెయ్యడానికి మెనూలోకి వెళ్ళాలి, వెతుక్కోవాలి, ఆ బద్ధకానికి ఓడిపోయినవన్నీ అలాగే వదిలేశా, కథ ఎక్కడెక్కడికో పోయింది, మొదటి అంకంలోనే ఒక మంచి మనిషిని పోగొట్టుకున్నా, ఆ రెండో ఆటే నాకు అసలు ఆటలా అనిపిస్తుంది. ఇది మెషీన్ గొప్పతనం కాదు, నా బలహీనత, కానీ రివ్యూ రాసేది నేనే కాబట్టి నా బలహీనత కూడా లెక్కే.

ఆడే పద్ధతి విషయానికొస్తే మౌస్‌కి ఎదురు లేదని అందరూ అంటారు, సగమే నిజం. బల్డర్స్ గేట్ యుద్ధంలో నలుగురు మనుషులు, కింద బార్‌లో యాభై బొమ్మలు, ఏ మంత్రం ఎక్కడుందో మౌస్‌తో టక్కున దొరుకుతుంది, ప్యాడ్‌తో, అంటే కంట్రోలర్‌తో, చక్రాల్లాంటి మెనూలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుకుంటూ పోవాలి, పదో లెవెల్ దాటాక నా మాంత్రికుడికి చక్రాలు ఎన్ని అయ్యాయో లెక్కపెట్టడం మానేశా. సంచి సర్దడం ఇంకా ఘోరం. కానీ నడవడం ప్యాడ్‌తోనే బాగుంటుంది, మనిషిని మనమే నడిపిస్తాం, మౌస్‌తో నేల మీద నొక్కి "అక్కడికి పో" అని పనివాడికి చెప్పినట్టు ఉండదు. ఇంకోటి, ప్యాడ్‌లో బటన్ నొక్కి పట్టుకుంటే చుట్టూ ఒక గుండ్రం పెరుగుతూ పోయి అందులో ఏ వస్తువులు ఉన్నాయో లిస్ట్ ఇస్తుంది, మౌస్‌తో ఒక్కో చెక్కపెట్టె మీద కర్సర్ పెట్టి దేవులాడటం కంటే అదే నయం. అసలు చిట్కా ఏంటంటే పీసీలో ప్యాడ్ పెడితే ఆ గేమ్ మొత్తం స్క్రీన్ కన్సోల్ రూపంలోకి మారిపోతుంది, మౌస్ కదిపితే మళ్ళీ వెనక్కి, నేను నడకకి ప్యాడ్, యుద్ధానికి మౌస్ వాడతా.

అదే గేమ్ మూడో అంకంలో నగరంలోకి వచ్చాక మాత్రం ఏ మెషీనైనా రొప్పుతుంది, అంత జనం వీధుల్లో. పీసీలో డీఎల్‌ఎస్‌ఎస్ (బొమ్మని చిన్నగా గీసి పెద్దది చేసి కార్డు భారం తగ్గించే పద్ధతి) పెట్టి ఏదో లాగించా, కానీ అక్కడ కష్టమంతా ప్రాసెసర్‌ది, కార్డుకి ఎంత సాయం చేసినా పెద్ద తేడా రాలేదు.

ఇక మోడ్స్, అంటే ఆడేవాళ్ళు గేమ్‌కి చేసుకునే మార్పులు. వీటి గురించి రాయాలంటే చెయ్యి ఆగదు. స్కైరిమ్ 2011లో వచ్చింది, ఇప్పటికీ జనం ఆడుతున్నారంటే సగం పుణ్యం నెక్సస్ అనే మోడ్స్ సైట్‌లో కూర్చుని ఊరికే పనిచేసిపెట్టిన వాళ్ళది. పీఎస్4లో వచ్చిన స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌లో కూడా మోడ్స్ ఉన్నాయి కానీ బయటి నుంచి కొత్త బొమ్మలు, కొత్త శబ్దాలు తెచ్చుకోవడానికి లేదు, గేమ్‌లో ఉన్న సామానునే అటూ ఇటూ జరుపుకోవాలి, అద్దె ఇంట్లో మేకు కొట్టొద్దన్నట్టు. పీసీ సొంతిల్లు, గోడ పగలగొట్టి కిటికీ పెట్టుకోవచ్చు. పెట్టుకున్నా కూడా, 140 మోడ్స్, చెట్లు మార్చా, ఆకాశం మార్చా, మెనూ మార్చా, వానలో బట్టలు తడిసేలా చేశా. ఇల్లు కట్టి చూడు అన్నది ఎంత నిజమో అప్పుడు తెలిసింది. ఏది ముందు లోడ్ అవ్వాలో వరస తప్పితే గేమ్ తెరుచుకోదు, గేమ్‌కి అప్‌డేట్ వస్తే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే సాయపు ప్రోగ్రామ్ మీద బతికే మోడ్స్ అన్నీ పడకేస్తాయి, 2021 నవంబర్ యానివర్సరీ అప్‌డేట్ అప్పుడు అందరివీ అలాగే పడ్డాయి. నేను ఒక శనివారం పొద్దున పదికి కూర్చుని రాత్రి ఎనిమిదికి అన్నీ సరిచేసి, గేమ్ తెరిచి, ఆ వానని పది నిమిషాలు చూసి, మూసేసి పడుకున్నా. పీసీ గేములు కొనుక్కునే స్టీమ్ యాప్ అందులో నేను 600 గంటలు ఆడానని చూపిస్తుంది, మెయిన్ స్టోరీ ఇంతవరకు పూర్తి చెయ్యలేదు.

కన్సోల్‌లో పూర్తి చేసినవి లెక్కపెడితే విచర్ 3, పెర్సోనా 5 రాయల్, బ్లడ్‌బోర్న్, ఎల్డెన్ రింగ్, రెండోసారి ఆడిన బల్డర్స్ గేట్ 3. పీసీలో మొదటి నుంచి చివరిదాకా పూర్తి చేసినవి రెండే రెండు. నేను రోజూ తొమ్మిది గంటలు ఆఫీసు పని చేసేది అదే టేబుల్, అదే కుర్చీ, ల్యాప్‌టాప్ పక్కకి జరిపి అక్కడే గేమ్‌కి కూర్చుంటే నడుము ఒప్పుకోదు, మనసూ ఒప్పుకోదు, పైగా ఆఫీసు మెసేజ్ శబ్దం వినపడితే చెయ్యి అటే పోతుంది. సోఫా అయితే వేరే లోకం. పీఎస్5ని రెస్ట్ మోడ్‌లో పెడితే మర్నాడు బటన్ నొక్కగానే ఎక్కడ ఆపానో అక్కడే, మాట మధ్యలో కూడా. బాబు పుట్టాక నాకు దొరికేది రోజుకి నలభై నిమిషాలు, అందులో పది నిమిషాలు డ్రైవర్ అప్‌డేట్‌కి, షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) సిద్ధమవ్వడానికి పోతే ఇంక ఆడేదేముంది.

కానీ రెస్ట్ మోడ్‌కి మన కరెంటు శత్రువు. పోయి వచ్చిందంటే "సరిగ్గా ఆపలేదు" అని మెషీన్ మనల్నే తిడుతుంది, వదిలేసిన చోటు పోతుంది. పెర్సోనాలో ప్యాలెస్ అనే శత్రువుల కోట లోపల సేఫ్ రూముల్లోనే సేవ్ చేసుకోవాలి, 2020 మే నెలలో ఒక గాలివానకి కరెంటు పోయి రెండు గంటల ఆట పోగొట్టుకున్నా, ఏడుపొచ్చినంత పనైంది. తర్వాత తెలిసిందేంటంటే మా ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంది, అది వేస్తే కరెంటు మారే టైమ్ తగ్గి కన్సోల్ ఆగదు, పీఎస్5 గేమ్ నడుస్తుంటే లాగేది సుమారు 200 వాట్లే కాబట్టి ఇన్వర్టర్ మోస్తుంది. మీ ఇంట్లో కూడా ఉందేమో చూసుకోండి. పీసీకి వేరే యూపీఎస్ కొన్నా, అది గేమ్ ఆడుకోవడానికి కాదు, సేవ్ చేసి మూసేయడానికి.

సేవ్ ఫైల్స్ విషయంలో కన్సోల్ మీద నాకు కోపం ఉంది. పీఎస్4లో పెన్‌డ్రైవ్‌కి కాపీ చేసుకునే వీలుండేది, పీఎస్5 గేమ్స్‌వి అలా కుదరదు, ప్లేస్టేషన్ ప్లస్ సబ్‌స్క్రిప్షన్ కడితేనే క్లౌడ్‌లో ఉంటాయి. 120 గంటల నా కష్టం దాచుకోవడానికి నెలనెలా అద్దె. పీసీలో ఫోల్డర్ తీసి కాపీ కొట్టి పెట్టుకుంటా, అయిపోయింది.

డబ్బు లెక్క అందరూ అనుకున్నంత సూటిగా ఉండదు. పెద్ద గేమ్ పీఎస్5లో కొత్తగా వస్తే 4,999 దాకా ఉండేది, స్టీమ్‌లో చాలా వాటికి రూపాయల్లో తక్కువ రేటు, బల్డర్స్ గేట్ 2,999కి కొన్నా, పాతవైతే సేల్‌లో మూడు నాలుగు వందలకి వస్తాయి, యూపీఐతో కట్టేయొచ్చు. కానీ డిస్క్ అమ్ముకోవచ్చు కదా, నేను ఎల్డెన్ రింగ్ పూర్తి చేసి మంచి రేటుకే వదిలించుకున్నా, స్టీమ్‌లో కొన్నది అమ్మడానికి లేదు. రీఫండ్ ఉంది, పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలలోపు ఆడి ఉంటే. ఆర్‌పీజీకి ఆ రెండు గంటలు ఏ మూలకి, నా పాత్రకి ముక్కు సరిచేసుకునేసరికే గంటంపావు అవుతుంది.

కొన్ని గేములు అసలు ఛాయిస్ ఇవ్వవు. బ్లడ్‌బోర్న్ 2015లో పీఎస్4కి వచ్చింది, పీసీకి రానేలేదు, 30 ఎఫ్‌పీఎస్‌లోనే ఆడాలి, అయినా ఆడాలి. పెర్సోనా 5 రాయల్ 2022 అక్టోబర్‌లో పీసీకి కూడా వచ్చింది, టర్న్ బేస్డ్ (వంతులేసుకుని కొట్టుకునే ఆట) అంటే మౌస్ గేమ్ అనుకునేవాళ్ళు ఇది ఒకసారి సోఫాలో ఆడి చూడండి, ప్యాడ్ కోసమే పుట్టిన మెనూలు.

టీవీ గురించి ఒక హెచ్చరిక. బల్డర్స్ గేట్‌లో శృంగారం సీన్లు చెప్పాపెట్టకుండా వస్తాయి, సెట్టింగ్స్‌లో నగ్నత్వం ఆపే ఆప్షన్ ఉంది, హాల్లో ఆడేవాళ్ళు మొదటిరోజే అది నొక్కి పెట్టుకోండి. నేను ఎప్పుడు నొక్కానో అడక్కండి, అత్తయ్య చిక్కుళ్ళ గిన్నె తీసుకుని "నిద్రొస్తోందమ్మా" అని లేచి వెళ్ళిపోయారు అని మాత్రం చెప్తా.

పిన్ని కొడుకు సంగతి. వాడు బీటెక్ ఫస్టియర్, ఎలాగూ కంప్యూటర్ కావాలి, హాస్టల్లో టీవీ లేదు, జేబులో డబ్బు లేదు, టైమ్ బోలెడంత ఉంది. పీసీ కట్టించుకోరా అన్నా, ప్యాడ్ ఒకటి తప్పకుండా కొనుక్కో అన్నా, ఎఫ్8 కీ మీద ప్లాస్టర్ అతికించుకో అని కూడా అన్నా. వాడు నవ్వి "నువ్వు అతికించుకున్నావా" అన్నాడు. లేదు. ఇప్పుడు పీఎస్5లో విచర్ 3 రెండోసారి నడుస్తోంది, 2022 డిసెంబర్‌లో ఫ్రీగా వచ్చిన అప్‌డేట్‌తో 60 ఎఫ్‌పీఎస్‌లో, అక్షరాలు పెద్దవి చేసుకుని. నిన్న రాత్రి బ్యారన్ ఇంటికి చేరాం. అత్తయ్య ఈసారి "పోనీలే, ఒక అవకాశం ఇద్దామా" అంటున్నారు, మా ఆయన ససేమిరా అంటున్నాడు.