ఆరేళ్లుగా అక్వేరియం మోస్తున్న పాత గుమ్మం కర్ర

మాది విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ, సముద్రపు గాలి నేరుగా హాల్లోకి వచ్చేస్తుంది. 2019 వేసవిలో నేనూ మా మేనమామా కలిసి నాలుగడుగుల అక్వేరియానికి చెక్క స్టాండు చేశాం, అది ఇప్పటికీ వాడుతున్నాం. ఇన్నేళ్లలో ఏ కర్ర నిలబడింది, ఏది నిలబడలేదు అన్నది కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

అంతకుముందు చిన్న తొట్టికి రెడీమేడ్ పార్టికల్ బోర్డు స్టాండు కొన్నాను. నీళ్లు మార్చేటప్పుడు పడే చుక్కలకే ఒక్క వర్షాకాలంలో అంచులు ఉబ్బిపోయాయి. ఇనుప స్టాండు అనుకుంటే, ఈ ఉప్పుగాలికి వెల్డింగు దగ్గర తుప్పు పట్టకుండా ఏటా రంగు వేస్తూ ఉండాలి, అది నావల్ల కాదు.

ముందు బరువు లెక్క చూసుకోండి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి అంచుదాకా నింపితే సుమారు 255 లీటర్లు, అంటే నీళ్లే 255 కిలోలు. 10 మిల్లీమీటర్ల అద్దం మరో 50 కిలోల పైన, ఇసుక, రాళ్లు కలిపితే 340 దాకా పోతుంది. నలుగురైదుగురు పెద్దవాళ్లు రాత్రీ పగలూ దాని మీదే కూర్చున్నట్టు.

టేకే కొందామని టింబర్ డిపోకి వెళ్లాం. చూపించిన ముక్కల్లో సగం తెల్లగా, చేవ (మాను నడుమ ఉండే ముదురు రంగు గట్టి కర్ర) లేకుండా ఉన్నాయి. మావయ్య ఒకటి ఎత్తి చూసి "ఇది పచ్చిగా ఉందిరా, వచ్చే వేసవికి మెలి తిరిగిపోద్ది" అన్నారు. చివరికి పాత ఇల్లు కూల్చినచోట అమ్ముతున్న వేప గుమ్మాలు తీసుకున్నాం, నాలుగంగుళాలకి మూడంగుళాల కర్ర. కొత్త కర్ర ఆరేటప్పుడు వంగొచ్చు, పగుళ్లివ్వొచ్చు. ఇది ఏళ్ల తరబడి గోడలో ఆరి, వంగాల్సిన వంపు ఎప్పుడో వంగిపోయింది. ఒక కన్ను మూసుకుని పొడవునా చూసి తిన్నగా ఉన్నవే ఏరుకున్నాం, నడిమధ్యలో పెద్ద ముడి ఉన్నవి వదిలేశాం. మేకులన్నీ పీకడానికే ఒక పూట పట్టింది, ఒక్కటి మిగిలిపోయినా రంపం పళ్లు పోతాయి.

ఒక్క వెనక అడ్డకర్ర తక్కువ పడితే డిపోలో తెచ్చిన తెల్ల టేకు ముక్క వేశాం. మొత్తం స్టాండులో పాడైంది అదొక్కటే! మూడో ఏడు పురుగు పట్టి కింద పిండిలా పొడి రాలింది. టేకు అంటే గట్టిదని అందరం అంటాం గానీ ఆ గట్టితనం చేవలోనే ఉంటుంది, పై తెల్లకర్రకి అంత ఉండదు. తొట్టి ఖాళీ చేసి ఆ కర్ర మార్చడానికి ఆదివారమంతా పోయింది, చేపలు బకెట్లలో ఉన్నంతసేపూ నాకు టెన్షనే.

కొత్త కర్రే కొనేవాళ్లు చిన్న ముక్క ఒకటి అడిగి తెచ్చుకుని తూకం వేయండి, వారం పది రోజులు ఫ్యాను కింద ఉంచి మళ్లీ తూయండి. బరువు బాగా తగ్గితే అది ఇంకా పచ్చిదే, తొందరపడి కొనొద్దు.

కాళ్ల విషయంలో మాత్రం మొహమాటపడకండి. పైచట్రం కాళ్ల నెత్తిన కూర్చోవాలి, పక్కన స్క్రూలకి వేలాడకూడదు. బరువు కర్ర మీంచి కర్ర మీదుగా నేలకి దిగాలి, స్క్రూ పని పట్టి ఉంచడం వరకే. ఆ స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్ స్టీలువే వేయండి. పైన 18 మిల్లీమీటర్ల బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లకీ జిగురు ఊడని రకం) ప్లైవుడ్ వేశాం, మెరైన్ ప్లైవుడ్‌కి ఉండే ఐఎస్ 710 ముద్ర చూసి కొన్నాం, దాని మీద పల్చటి థర్మాకోల్ షీటు, ఆ పైన తొట్టి. ప్లైవుడ్ అంచులకి వార్నిష్ మూడు పూతలు వేయడం మర్చిపోవద్దు, నీళ్లు తాగేది అంచులే.

మొన్న నీళ్లు మార్చినప్పుడు లెవెల్ పెట్టి చూశాను, బుడగ ఇంకా మధ్యలోనే ఉంది. కింద కాళ్లకి వేసిన రబ్బరు ముక్కలు మాత్రం అరిగాయి, సంక్రాంతికి మావయ్య వచ్చినప్పుడు అవి మార్చాలి.