శ్రీకాకుళంలో అమెరికా ఫైలు: ఇంటి లెక్క భేష్, మడి లెక్కలో తేడా

గ్రీన్ కార్డు మీద పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడే ఉండిపోయే పెద్దవాళ్ల కోసం శ్రీకాకుళంలో ఒక ఆడిటర్ ఆఫీసు నడుపుతున్న సేవ ఇది. అమెరికా ఫైలు అంటే చుట్టుపక్కల అందరికీ తెలుస్తుంది. ఇల్లు, పొలం, డిపాజిట్లు, పవరాఫ్ అటార్నీ, వెళ్లిన ఏడాది రిటర్ను అన్నీ ఒకే రుసుములో చూస్తారు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను ఖర్చులు వేరు. మొదటి రోజే పాస్‌పోర్టు తిరగేసి, పాత ముద్రలు చూసి వెనకటి నాలుగేళ్లలో ఇండియాలో ఉన్న రోజులు లెక్క కడతారు. కట్టిన రుసుములో సగం ఈ ఒక్క పనికే గిట్టుబాటవుతుంది.

182 రోజులలోపు ఇక్కడుంటే ఎన్నారై అయిపోతామని జిల్లాలో అందరి నోటా వినిపించే మాట. ఉద్యోగానికి వెళ్లే కొడుక్కి అది వర్తిస్తుంది. రిటైరై వెళ్లే తండ్రికి వెళ్లిన ఏడాది ఆ సడలింపు లేదు. ఆ ఆర్థిక సంవత్సరంలో 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇక్కడ ఉన్నారంటే ఆ ఏడాదంతా ఆయన రెసిడెంటే. జూలైలో విమానం ఎక్కినా అప్పటికే ఏప్రిల్, మే, జూన్ కలిపి 91 రోజులు గడిచిపోయి ఉంటాయి. ఈ ఆఫీసు వాళ్లు దీన్ని అడక్కుండానే పట్టుకుంటారు. పెద్ద ఊళ్లలో కూడా చాలామంది దీన్ని వదిలేస్తారు.

దీనివల్ల ఇంటి అమ్మకంలో ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూపిస్తారు. ఉదాహరణకు విజయనగరంలో 2001-02లో 10 లక్షలకు కొన్న ఇల్లు 2025-26లో 48 లక్షలకు అమ్మారనుకోండి. 2024 జూలై 23కి ముందు కొన్న ఇల్లు, స్థలాల మీద రెసిడెంటుకి రెండు దారులున్నాయి. ప్రభుత్వం ఏటా ప్రకటించే ధరల సూచీ ప్రకారం కొన్న ధరను పెంచుకుంటే 100కి 376 చొప్పున 37.6 లక్షలవుతుంది, లాభం 10.4 లక్షలు, దాని మీద 20 శాతం అంటే 2.08 లక్షలు. సూచీ లేకుండా వెళితే 38 లక్షల లాభం మీద 12.5 శాతం, 4.75 లక్షలు. సెస్ రెండింటికీ వేరు. ఎన్నారైకి మొదటి దారి మూసేశారు. పైగా కొన్నవాడు లాభం మీద కాకుండా మొత్తం 48 లక్షల మీదే సెస్‌తో కలిపి 6.24 లక్షలు పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. తగ్గించి పట్టుకోమని ఆదాయపు పన్ను అధికారి దగ్గర ముందే సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, మిగతాది రిటర్ను వేసి రాబట్టుకోవాలి. అదే అమ్మేవాడు రెసిడెంటైతే 50 లక్షలలోపు అమ్మకంలో కొన్నవాడు పట్టుకునేది ఏమీ ఉండదు. అందుకే బయల్దేరిన ఏడాది మార్చి 31లోపు రిజిస్ట్రేషను ముగించమని వీళ్లు గట్టిగా చెబుతారు. సరైన సలహా.

డల్లాస్‌లో ఇల్లు కొంటే ఆ మేరకు ఇక్కడ పన్ను తప్పుతుందా అని అడిగేవాళ్లకీ వీళ్ల జవాబు సూటిగానే ఉంది: తప్పదు. కొత్త ఇల్లు ఇండియాలోనే ఉండాలి. లేదంటే అమ్మిన 6 నెలల్లో 54ఈసీ అని పిలిచే ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లు కొనాలి, 50 లక్షల వరకు, 5 ఏళ్లు కదపకుండా.

బ్యాంకు పని కూడా శుభ్రంగా చేస్తారు. పన్ను చట్టం రోజులు లెక్కపెడుతుంది, విదేశీ మారక చట్టం ఫెమా మాత్రం ఉండిపోవాలనే ఉద్దేశంతో దేశం దాటారా లేదా అనేదే చూస్తుంది. కాబట్టి పన్నుకి ఇంకా రెసిడెంటుగా ఉండగానే సేవింగ్స్ ఖాతా ఎన్ఆర్ఓ (ఇక్కడి రాబడి కోసం ఎన్నారైలు ఉంచుకునే ఖాతా) అయిపోవాలి. మర్నాటి నుంచి బ్యాంకు వడ్డీ మీద 30 శాతం, సెస్‌తో 31.2 కోస్తుంది. వెళ్లిన ఏడాది ఎక్కువ కోసినది రిటర్నులో వెనక్కి వస్తుంది. తర్వాతి ఏడాది నుంచి వడ్డీలో పన్ను కోయొద్దని సీనియర్లు బ్యాంకుకిచ్చే ఫారం (పాత పేరు 15హెచ్) ఇవ్వడానికి లేదు, సీనియర్లకు పాత విధానంలో ఉన్న 3 లక్షల పరిమితీ పోతుంది. పీపీఎఫ్ గడువు తీరేదాకా నడుస్తుంది, పొడిగింపు ఉండదు. ఎన్ఆర్ఓ నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. ఆ ఫారాలూ వీళ్లే నింపుతారు.

ఇక పొలం. ఇక్కడ సగం పనే సరిగ్గా చేశారు. జిరాయితీ భూమి పన్ను పరిధిలోకి వస్తుందో రాదో తేల్చడానికి దూరం కొలుస్తారు. శ్రీకాకుళం, విజయనగరాల జనాభా లక్ష దాటింది కాబట్టి 6 కిలోమీటర్లు, బొబ్బిలి, ఆమదాలవలస లాంటి వాటికి 2. ఆ దూరం దాటి ఉంటే పన్ను లేదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి బండి మీటరు చూసుకుంటే కుదరదు. మున్సిపాలిటీ హద్దు నుంచి నేరుగా, కాకి ఎగిరినట్టు కొలవాలి. దానికి తహసీల్దారు ధ్రువపత్రం తెప్పిస్తారు, అడంగల్, 1బి నకళ్లు జత చేస్తారు, 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూస్తారు. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరుకి కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు కలిపి రాస్తారు. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు.

ఆ తర్వాత వాళ్లిచ్చే సలహాతోనే చిక్కు. మడికి పన్ను లేదు కదా, నిదానంగా ఎప్పుడైనా అమ్ముకోండి అంటారు. ఆ దూరం దాటిన మడైతే ఇండియా వరకు నిజమే. కానీ గ్రీన్ కార్డుతో దిగిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన లాభమైనా అమెరికా రిటర్నులో చూపాలి. అక్కడ పల్లె పొలానికి మినహాయింపు లేదు. దిగిన రోజు విలువనీ తీసుకోరు, మొదట కొన్న ధర నుంచే లాభం కడతారు. ఇక్కడ పన్ను కట్టలేదు కాబట్టి అక్కడ తగ్గించుకోవడానికీ ఏమీ మిగలదు. సొంతిల్లు అలా కాదు. అమ్మేనాటికి వెనకటి అయిదేళ్లలో రెండేళ్లు అందులో కాపురం ఉంటే ఒక్కొక్కరికి 2.5 లక్షల డాలర్ల లాభం దాకా అమెరికా వదిలేస్తుంది. అంటే మడి విమానం ఎక్కకముందే అమ్మాలి, ఇల్లు మార్చి దాకా ఆగినా ఫరవాలేదు. ఈ ఆఫీసు ఇచ్చే పట్టికలో ఈ వరస తలకిందులుగా ఉంది. అమ్మడం ఇష్టం లేనివాళ్లు కౌలు డబ్బు కూడా అక్కడ ఆదాయమేనని గుర్తుంచుకోవాలి. తర్వాత ఉద్దానంలో కొబ్బరి తోటో జీడితోటో కొంటామంటే కుదరదు. ఎన్నారై వ్యవసాయ భూమి, తోట కొనకూడదు. ఉన్నదీ, వారసత్వంగా వచ్చేదీ ఉంచుకోవచ్చు.

పవరాఫ్ అటార్నీ నమూనా మార్చాల్సిందే. ఆస్తులన్నిటికీ కలిపి ఒకటే, అమ్మకం, తాకట్టు, సొమ్ము పుచ్చుకోవడం అన్నీ బావమరిదికో తమ్ముడికో రాసేస్తారు. ఒక్కో ఆస్తికి విడిగా, హద్దులతో రాయించుకోండి. సొమ్ము యజమాని ఎన్ఆర్ఓ ఖాతాలోకే రావాలని ఒక వాక్యం పెట్టించండి. వెళ్లకముందే సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేయిస్తే తేలిక. అక్కడి నుంచి పంపితే కాన్సులేట్ ధ్రువీకరణ గానీ, నోటరీతో పాటు అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) గానీ ఉండాలి, కాగితం ఇండియాకి చేరిన 3 నెలల్లో స్టాంపు వేయించాలి. రాసిచ్చినవారు కాలం చేస్తే ఆ కాగితం చెల్లదు. దాన్నే వీలునామాగా భావించి వదిలేసేవాళ్లకి వీళ్లు ఆ ముక్క చెప్పకపోవడం లోపం.

అమెరికా రిపోర్టింగు వీళ్ల రుసుములో లేదు, బోర్డు మీద మాత్రం ఉన్నట్టే ధ్వనిస్తుంది. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే ఫారం) వేయాలి. మ్యూచువల్ ఫండ్లుంటే ఫారం 8621 అనే తలనొప్పి వేరే ఉంది, వాటిని బయల్దేరకముందే అమ్మేయడం మేలు. ఈ భాగానికి అక్కడి ఆడిటర్‌ని, అంటే సీపీఏని, విడిగా పెట్టుకోవాల్సిందే.

2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. వీళ్ల అచ్చు కాగితాల్లో ఎన్నారైకి చెల్లించేటప్పుడు పన్ను పట్టుకోవడానికి, తగ్గింపు సర్టిఫికెట్‌కి ఇంకా పాత 195, 197 నంబర్లే ఉన్నాయి, సంతకం పెట్టేముందు మార్పించుకోండి. మొత్తం మీద అయిదుకి మూడున్నర.

విజిటర్ వీసా మీద ఏటా వెళ్లొచ్చేవాళ్లకి ఈ ఫైలు అక్కర్లేదు. వాళ్లు చూసుకోవాల్సింది అక్కడి రోజులే. ఈ ఏడాది రోజులకి నిరుటివాటిలో మూడో వంతు, ముందటేడువాటిలో ఆరో వంతు కలిపితే 183కి చేరకూడదు, చేరితే అమెరికా పన్నుకి రెసిడెంటుగా లెక్కేస్తారు. ఏటా 120 రోజులైతే 180 దగ్గర ఆగుతుంది. అయిదేసి నెలలుంటే దాటిపోతుంది, అప్పుడు ఆ ఏడాది 183 రోజులలోపే ఉన్నవాళ్లు తమ అసలు బంధం ఇండియాతోనే అని చెప్పే ఫారం 8840ని జూన్ 15కల్లా పంపాలి.