సముద్రపు తొట్టికి ఆర్‌ఓ-డీఐ యూనిట్: రెండేళ్లు వాడాక

నీళ్లలో కరిగినవన్నీ తీసేసే ఈ ఫిల్టర్ యూనిట్ ముచ్చటపడి కొన్నది కాదు. ఎనిమిది నత్తలు, రెండు క్లీనర్ రొయ్యలు చచ్చాక కొన్నది.

అప్పటికి మా 120 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం తొట్టికి మూడో నెల. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్లకి 35), వేడి 26 డిగ్రీలు. క్లౌన్ చేపల జంట హాయిగా తిరుగుతోంది. టర్బో నత్తలేమో అద్దం మీంచి జారి ఇసుకలో వెల్లకిలా పడేవి. తిప్పి పెట్టినా కదిలేవి కావు. మొదటి రొయ్య పడి ఉంటే, కుబుసం విడిచిందేమోలే అని సంబరపడ్డాను. కుబుసమైతే బోలుగా, గాజులా ఉంటుంది. ఇది చేతికి బరువుగా తగిలింది, ఒళ్లంతా పాలలా తెల్లబడింది.

"డ్రిప్ సరిగ్గా చేసుండరు మేడమ్" అన్నాడు కొట్టతను. రెండో రొయ్యకి రెండు గంటలు బొట్టుబొట్టుగా నీళ్లు అలవాటు చేశాను. పది రోజులు బాగానే ఉంది. నీళ్లు మార్చిన మర్నాడు పోయింది. నాకు బుర్ర వెలిగింది అక్కడే.

ఉప్పు కలపడానికి వాడింది వంటింటి ప్యూరిఫయర్ నీళ్లు. టీడీఎస్ 60 చూపిస్తోంది కదా అని ధీమా. కానీ టీడీఎస్ మీటరు ఎంత కరిగిందో చెబుతుంది, ఏం కరిగిందో చెప్పదు. అది అత్తయ్య కోరి పెట్టించిన, నీళ్లకి రాగి కలిపే ఆర్‌ఓ! రాగి చెంబులో నీళ్లు తాగే ఇల్లు మాది. "మనం తాగే నీళ్లే కదమ్మా, వాటికేం రోగం?" అన్నారావిడ. నత్తల రక్తంలోనూ రాగి ఉంటుంది, తమాషా ఏంటంటే నీళ్లలో కాస్త ఎక్కువైతే అదే విషం. చేపలు తట్టుకునే మోతాదుకి రొయ్యలు తట్టుకోవు. పైగా ఆవిరయ్యేది నీళ్లే, రాగి తొట్టిలోనే పోగవుతుంది. రాగి టెస్ట్ కిట్‌లో తొట్టి నీళ్లకి రంగు మారీ మారనట్టుంది (కొంత రాగిని రాయీ ఇసుకా పట్టేస్తాయి), ప్యూరిఫయర్ నీళ్లకి స్పష్టంగా మారింది.

ఇక యూనిట్ సంగతి. మా బోరు నీళ్లు 850 టీడీఎస్. ఆర్‌ఓ మెంబ్రేన్ (వడపోత పొర) దాటాక 30, మిగిలిన లవణాల్ని పీల్చే డీఐ రెజిన్ గుళికలు దాటాక సున్నా. ఇందులో ఇప్పటిదాకా తేడా రాలేదు. బూస్టర్ పంపు లేకుండా మాత్రం కొనకండి, అపార్ట్‌మెంట్ ట్యాంకు ఒత్తిడి దీనికి చాలదు. ఆన్ చేసిన మొదటి ఐదు నిమిషాల నీళ్లలో టీడీఎస్ ఎక్కువ. వాటిని రెజిన్‌లోకి పోనీయకుండా బకెట్లోకి వదిలేస్తాను. ఈ కిటుకు తెలియక మొదటి రెజిన్ మూడు నెలలకే రంగు మారి పనికిరాకుండా పోయింది, ఇప్పుడు ఆరు నెలలొస్తోంది.

నచ్చనిది వృథా. లీటరు మంచినీటికి నాలుగు లీటర్లు బయటికి. ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్‌కి వాడేస్తాం; మొక్కలకి పొయ్యను, ఉప్పెక్కువ. చలికాలం ధార సన్నబడుతుంది. డీఐ గొట్టం మూత దగ్గర రెండుసార్లు కారింది, ఓ-రింగ్ మార్చాక ఆగింది.

యూనిట్ రాగానే నత్తలు వెయ్యలేదు. రాయీ ఇసుకా రాగిని పట్టి ఉంచి మెల్లగా వదులుతాయి. నెలంతా కార్బన్, రాగిని పీల్చే క్యూప్రిసార్బ్ మారుస్తూ, వారం వారం నీళ్లు మార్చి, ఆ తర్వాత ఒక్క నత్తని వదిలాను. అది ఇప్పటికీ పొద్దున్నే అద్దం మీద గీతలు గీస్తూ కనిపిస్తుంది. "ఇంత శుభ్రమైన నీళ్లు మనకీ ఓ బిందె పట్టకూడదూ?" అంటారు అత్తయ్య. ఆ నీళ్లు తాగడానికి కాదని చెప్పి చెప్పి అలిసిపోయాను.