చార్మినార్ వెండి రూపాయి: కొనే ముందు ఏం చూడాలి

నిజాం కాలపు చార్మినార్ రూపాయి సేకరణ మొదలుపెట్టేవాళ్లకు చక్కటి నాణెం. బొమ్మలో మధ్య ద్వారం లోపల చూడండి: మీమ్ (م) అనే అరబిక్ అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ (ع) ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది.

అసలు విషయం వెండి పాలు. బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అంటే నికరంగా 9.14 గ్రాములే. బ్రిటిష్ రూపాయి లెక్క (11.66 గ్రాములు, 91.7 శాతం) దీనికి కట్టి అడిగితే ఒప్పుకోకండి. హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) 1361 నుంచి వచ్చినవాటిలో వెండి సగమే, సుమారు 5.6 గ్రాములు. అందుకే అరబిక్ అంకెల్లోని సంవత్సరం చదవడం ముందు నేర్చుకోవాలి.

0.01 గ్రాము చూపే చిన్న కాటా చాలు. దానిమీద నీళ్ల గ్లాసు పెట్టి, రీడింగు సున్నా చేసి, నాణేన్ని దారంతో అడుగు తగలకుండా ముంచండి. 81.8 శాతం రకానికి 1.10 గ్రాముల దగ్గర చూపాలి. 1.3 దాటితే అది ఇత్తడో ఇనుమో. అయస్కాంతానికి అంటుకుంటే ఇక చూడక్కర్లేదు.

అరుగుదల మొదట మీనార్ల కొసల్లో తెలుస్తుంది. అంచు మీద టంకం మచ్చ ఉంటే దండలో వేసుకోవడానికి అతికించిన కొక్కెం తీసేసినట్టే. వెండి ధరకు మించి ఇవ్వొద్దు. చింతపండుతోనో పళ్లపొడితోనో తోమి తళతళలాడించినవీ అంతే. పైపొర గీసుకుపోతే ముద్ర మెరుపు తిరిగి రాదు. సమంగా నల్లబడ్డ నాణేన్నే ఎంచుకోండి, ఇంటికొచ్చాక తోమకండి.