నెట్ అందని చోట ఆరోగ్య లైబ్రరీ: కొన్నేళ్లు వాడాక

నెట్ సరిగా అందని చోట్ల ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం నా పని. అందుకోసం ‘ఇంటర్నెట్ ఇన్ ఎ బాక్స్’ పెట్టె ఒకటి, ఫోన్లలో నెట్ లేకుండానే వికీపీడియా లాంటివి చదివించే కివిక్స్ యాప్, రెండూ కొన్నేళ్లుగా వాడుతున్నాను. పెట్టుకోవచ్చా అని ఎవరైనా అడిగితే నిక్షేపంగా పెట్టుకోమంటాను. ఒకసారి బిగించేసి మళ్లీ అటు చూడనక్కర్లేదు అనుకునేవాళ్లకు మాత్రం వద్దంటాను.

పెట్టె అంటే అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే కంప్యూటర్, అందులో ఒక మెమరీ కార్డు, అంతే. పవర్ బ్యాంకుతోనూ నడుస్తుంది. దాని వైఫైకి ఫోన్ కలిపి బ్రౌజర్ తెరిస్తే వికీపీడియా వైద్య వ్యాసాలు, వీడియోలు, పుస్తకాలు కనిపిస్తాయి. డేటా ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాదు.

మొదటి తలనొప్పి ఫోన్లతోనే. వైఫైకి కలవగానే చాలా ఫోన్లు ‘ఇంటర్నెట్ లేదు’ అని చూపించి, కాసేపటికి వాటంతట అవే మొబైల్ డేటాకు మారిపోతాయి. పేజీ తెరుచుకోదు, పెట్టె పాడైందని అందరూ టెన్షన్ పడతారు. మొబైల్ డేటా ఆపేస్తే చాలు. గదిలో అందరూ ఒకేసారి వీడియో నొక్కితే మాత్రం పెట్టె మొరాయిస్తుంది. అందుకే వీడియోలు ఒకే తెర మీద వేస్తాను.

నిజానికి ఎక్కువ పనికొచ్చింది ఆ వీడియోలే. విజ్ఞాన సర్వస్వం మొత్తం జేబులో ఉందని మనం మురిసిపోతాం గానీ, వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది నాలుగైదు నిమిషాల వీడియోనే. పసిబిడ్డ శ్వాస లెక్కించడం నేర్పేది ఒకటుంది. బిడ్డ ఛాతీ కదులుతుంటే అందరూ గడియారం చూసుకుంటూ ఒక నిమిషం పాటు లెక్కపెట్టాలి. మొదటిసారి ఒక్కొక్కరికి ఒక్కో అంకె వస్తుంది. వెనక్కి తిప్పి మళ్లీ వేస్తే అంకెలు దగ్గరపడతాయి. రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 40, లేదా అంతకు మించి వస్తే వేగంగా ఊపిరి పీలుస్తున్నట్టు. చదివిస్తే మర్చిపోతారు, ఇలా లెక్కపెడితే గుర్తుంటుంది.

వెతకడం దగ్గర అంత సుఖం లేదు. కార్యకర్తలు ‘లూజ్ మోషన్స్’ అని కొడతారు, వ్యాసం ‘డయేరియా’ అనే పేరుతో ఉంటుంది. జనం చెప్పే బాధ ఒక పక్క, దానికి చూడాల్సిన వ్యాసం పేరు మరో పక్క రాసిన కాగితాన్ని పెట్టె మూత మీదే అతికించాను. అప్పట్నుంచి కాస్త నయం.

అసలు జాగ్రత్త పడాల్సింది పాతబడిపోయిన సమాచారంతో. గర్భిణి పరీక్షలు కనీసం నాలుగు అని ఒక పాత పీడీఎఫ్‌లో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దాన్ని ఎనిమిదికి పెంచింది, ఆ పత్రమూ అదే పెట్టెలో ఉంది. ‘ఇందులో ఏది నమ్మాలి?’ అని ఒకావిడ రెండూ తెరిచి నా ముందు పెట్టింది. న్యాయమైన ప్రశ్నే. కివిక్స్ వాడే జిమ్ ఫైళ్లలో (వ్యాసాలన్నీ ఒకే మూటగా ఉండేవి) చాలావాటి పేరు చివర సంవత్సరం, నెల ఉంటాయి. పీడీఎఫ్‌లకు ఆ సౌకర్యం లేదు, లోపలికి వెళ్లి చూసుకోవాల్సిందే. ఈ పని ఫలానావాళ్లదని ముందే ఒప్పుకోకపోతే ఎవరూ చేయరు.

ఫోన్లో వేసే మెమరీ కార్డులో ఫైళ్లు మార్చేటప్పుడు ఆ కార్డును ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి. ఫ్యాట్32 అయితే 4 జీబీ ఫైలు కూడా పట్టదు. వికీపీడియాకు బొమ్మలు లేని కూర్పు చాలా చిన్నదే, చోటు మిగులుతుందని ఆశ పుడుతుంది. కానీ చర్మవ్యాధుల గురించి బొమ్మ లేకుండా ఏం చెబుతాం? కరెంటు పోయినప్పుడు పెట్టెలోని కార్డు దెబ్బతినే ప్రమాదం ఎటూ ఉంది కాబట్టి, అదే నకలు చేసిన రెండో కార్డు కూడా పెట్టెతో పాటే ఉంచండి.